అచ్చుతప్పులు మాత్రమే చూడమన్నారు

వచ్చే నెల ఒక జడ్జిగారి ఆఫీసులో సహాయకురాలిగా చేరబోతున్న అమ్మాయి నాకు మెయిల్ రాసింది. యూనిలో, అంటే యూనివర్సిటీలో, నాకు అయిదేళ్ల జూనియర్. "అక్కా, మీరు అలాంటి పనే చేశారట కదా. అసలక్కడ ఏం చేయాలి? వెబ్‌సైట్లో ఉన్నది కాకుండా చెప్పండి," అని అడిగింది. ఫోన్ చేయమని నంబరు కూడా ఇచ్చింది. ఫోన్లో నాకు మాటలు రావు. రాస్తే కాస్త వస్తాయి. అందుకని ఇది.

నేను చేసింది సరిగ్గా ఆ ఉద్యోగం కాదు. ఇంగ్లండులో అప్పీలు కోర్టు జడ్జిగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇప్పుడు ఇక్కడే, మా ఇంటికి దగ్గర్లోని పరమటాలో ఉంటారు. ఆయన తన వృత్తి జీవితం గురించి పుస్తకం రాస్తుంటే టైపు చేయడం, పాత కాగితాలు వెతికి పెట్టడం నా పని. నాలుగేళ్లు చేశాను. పుస్తకం పూర్తయింది, పోయిన నెలతో నా పనీ అయిపోయింది. "మా అమ్మాయి ఇరవై ఎనిమిదేళ్లకే రిటైరైంది," అని నాన్న ఇంటికి వచ్చిన ప్రతి అంకుల్‌కీ చెబుతున్నాడు.

సరే, రిటైరైనదాన్నే అనుకుని రాస్తున్నాను.

ఎలా దొరికింది

లా చదివాను గానీ లాయరు కాలేకపోయాను. యూనిలో ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదించమంటారు. నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. గొంతు లేవలేదు. మా లెక్చరర్ మంచినీళ్లు ఇచ్చింది. తాగి కూర్చున్నాను. ఆ రోజు డైరీలో "మంచినీళ్లు బాగున్నాయి" అని మాత్రం రాసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు లైబ్రరీ బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. "అర్థంకాని చేతిరాత చదవగలిగి, ఎక్కువ మాట్లాడని వ్యక్తి కావాలి." ఫోటో తీసి అమ్మకు చూపించాను. "నిన్ను చూసే రాసినట్టున్నారే," అంది.

కాగితం పెట్టింది జడ్జిగారి కూతురు హెలెన్. ఆవిడ డాక్టరు, ఎప్పుడో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. భార్య పోయాక జడ్జిగారు లండన్ వదిలేసి కూతురు ఉండే వీధిలోనే ఒక యూనిట్, అంటే చిన్న ఫ్లాట్, తీసుకున్నారు. నేను మా ఇల్లున్న క్వేకర్స్ హిల్ నుంచి ఒకే రైల్లో వెళ్లొచ్చు.

మొదటి రోజు ఆయన ఒక పాత నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టారు. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుంది రాత. నా డైరీ అంతకన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి పెద్ద కష్టమనిపించలేదు. చదివేశాను.

"నా భార్య తర్వాత దీన్ని చదివింది మీరే," అన్నారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నేను తెలుగులో రాస్తున్నాను. "మీరు" అని ఎందుకు రాశానంటే ఆయన మాట అలాగే వినిపించేది. నాలుగేళ్లూ నేను ఆయనకు మిస్ హారికనే.

తర్వాత ఒక షరతు పెట్టారు. "మీ పని అచ్చుతప్పులు చూడటం. అభిప్రాయాలు నావి. అవి తప్పయితే తప్పుగానే ఉండనివ్వండి."

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నోరు విప్పనక్కర్లేని ఉద్యోగం.

ఎడమ పేజీ, కుడి పేజీ

ఇది నువ్వు ముందు నేర్చుకోవలసిన సంగతి. మీ జడ్జిగారి పద్ధతి వేరేగా ఉండొచ్చు. కానీ ఏదో ఒక పద్ధతి ఉంటుంది, అది తెలియకుండా ఆయన కాగితాలు ముట్టుకోకు.

మా జడ్జిగారు కోర్టులో కూర్చున్నప్పుడు నోటుబుక్కు ఎడమ పేజీలో ఎదుటివాళ్లు అన్నది రాసేవారు. కుడి పేజీలో తనకు తోచింది రాసేవారు. ఎడమవైపు లాయరు గంటసేపు చెప్పిన వాదన ఉంటే కుడివైపు "ఇది నిజమైతే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అని ఒక్క ముక్క ఉండేది. ఒక చోట కుడివైపు "ఆకలి" అని మాత్రమే ఉంది. అది పుస్తకంలో వేద్దామా అని అడిగాను, చీటీ మీద రాసి. "వేయండి. అక్కడ అన్నిటికన్నా నిజమైన మాట అదే," అన్నారు.

అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జిలు కూర్చుంటారు. సాక్షులు రారు. కింది కోర్టు చేసింది సరైనదా కాదా అని వాదనలు విని, కొన్ని వారాల తర్వాత ఒకరు తీర్పు రాస్తారు, మిగతా ఇద్దరూ చదివి ఒప్పుకుంటే సంతకం చేస్తారు. బయటపెట్టే ముందు తీర్పు ముసాయిదాను రెండు పక్షాలకూ పంపిస్తారు. అది మళ్లీ వాదించడానికి కాదు, పేర్లు, తారీఖులు, అక్షరాలు సరిచూసి చెప్పడానికి మాత్రమే. ఈ సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఆయన పైవాళ్లు, ఆయన తప్పులు

జడ్జిగారి నాన్న రైల్వేలో సిగ్నల్స్ చూసే ఉద్యోగి. ఇంట్లో ఒకే పుస్తకం ఉండేదట, రైళ్ల టైము టేబుల్. ఆయన స్కాలర్‌షిప్ మీద చదివి, ఊళ్లోనే లాయరుగా మొదలై పైకి వచ్చారు. ఎప్పుడే పదవి వచ్చిందో ఆయన పుస్తకంలో కూడా పెద్దగా లేదు. ఉన్నదంతా మనుషుల గురించి.

అప్పీలు కోర్టులో మొదటి రోజు ఆయన ఒక కుర్ర లాయరును ఆపకుండా ప్రశ్నలు అడిగారట. మధ్యలో కూర్చున్న పెద్ద జడ్జి ఒక చీటీ తోశారు. "మేము ఆయన వాదన వినడానికి వచ్చాం. మీ వాదన ఎంతసేపట్లో ముగుస్తుంది?" ఆ చీటీని జడ్జిగారు ఇప్పటికీ ఉంచుకున్నారు. నాకు చూపించి, "నాకు దొరికిన మంచి చదువు ఇదే," అన్నారు.

ఇంకోసారి కింది కోర్టు జడ్జి ఒకాయన చేసిన పొరపాటును తీర్పులో ఏకేశారు. కొన్నేళ్లకు ఒక విందులో ఆయన ఎదురుపడ్డాడు. "మీరు రాసింది కరెక్టే. కానీ పేపర్లో మా అమ్మ చదివింది," అన్నాడట. అప్పటినుంచి తీర్పు రాశాక విశేషణాలన్నీ ఏరేయడం ఆయనకు అలవాటైంది.

అంత జాగ్రత్త ఉన్నా, ఆయనకు గొప్పగా చెప్పుకునే కథలు కొన్ని ఉండేవి. అన్నిటికన్నా ఇష్టమైనది మిస్టర్ కోల్బీ కథ. పేరు మార్చాను.

కోల్బీ కథ

హెలెన్ ఇంట్లో బార్బీ, అంటే పెరట్లో మాంసం కాల్చుకునే విందు, పెట్టినప్పుడల్లా ఈ కథ వచ్చేది. హెలెన్ మాంసం తిప్పుతూ తండ్రి వెనక పెదవులు కదిపేవారు. ఒక్క మాట తేడా ఉండేది కాదు.

కోల్బీ ఒక స్కూల్లో కేర్‌టేకర్. స్కూలు ఆవరణలోనే ఇల్లు. స్కూలువాళ్లు ఉద్యోగం తీసేసి, ఇల్లు ఖాళీ చేయమని ఉత్తరం ఇచ్చారు. ఉత్తరం చూసిన రోజు నుంచి పధ్నాలుగు రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఉత్తరాన్ని శుక్రవారమే తలుపు కింద నుంచి తోశామని స్కూలువాళ్లు అన్నారు. సోమవారం చెల్లెలి ఊరి నుంచి వచ్చాకే చూశానని కోల్బీ అన్నాడు. సోమవారమైతే ఆయన అభ్యంతరం సమయానికి అందినట్టు. శుక్రవారమైతే ఆలస్యమైనట్టు. కింది కోర్టులో ఓడిపోయి అప్పీలుకు వచ్చాడు. లాయరు లేడు. తన కేసు తనే వాదించుకున్నాడు.

"అప్పుడాయన నా కళ్లలోకి చూసి ఒప్పుకున్నాడు," అని జడ్జిగారు ఇక్కడ గ్లాసు కింద పెట్టేవారు. "శుక్రవారమే ఉత్తరం చూశానని. ఇల్లు పోతుందని తెలిసి కూడా. నలభై ఏళ్ల వృత్తిలో అంత నిజాయితీపరుణ్ణి చూడలేదు."

తీర్పు రాసింది ఈయనే. అందులోనూ అదే ఉంది, మిస్టర్ కోల్బీ మా ముందు నిజాయితీగా ఒప్పుకున్నారని. అప్పీలు కొట్టేశారు. ఇల్లు పోయింది.

పుస్తకం అచ్చుప్రతి వచ్చింది. మూడు వారాల్లో సరిచూసి తిప్పి పంపాలి. కోల్బీ కథ ఆయన జ్ఞాపకం నుంచి చెప్పి రాయించింది. ఒక చోట "శుక్రవారం", ఇంకో చోట "గురువారం" అని పడింది. అది నా పనే కదా అని ఆ కాలపు నోటుబుక్కు తీశాను. ఇరవై రెండేళ్ల నాటిది.

ఆ రోజు భోజనానికి ముందు, కోల్బీ వాదన చివర, ఎడమ పేజీ నిండిపోయింది. కోల్బీ చెప్పిన ఆఖరి రెండు వాక్యాలు కుడి పేజీ పైన రాశారు. దాని కిందే, గీత కూడా గీయకుండా, తనకు తోచింది. "శుక్రవారమే చూసి ఉండాలి. అడిగితే ఒప్పుకుంటాడు. భోజనం తర్వాత అడగాలి."

భోజనం తర్వాతి పేజీలు మూడుసార్లు తిరగేశాను. అడగలేదు. అవతలి లాయరు ఏదో కొత్త అంశం ఎత్తితే అందరూ దాని వెంటపడ్డారు. కొన్ని వారాల తర్వాత తీర్పు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ కుడి పేజీ అంతా కోల్బీ మాటల్లాగే కనిపించి ఉండాలి.

ఇంకొకటి కూడా ఉంది. అదే నోటుబుక్కులో మడిచి పెట్టిన కాగితం. ముసాయిదా పంపినప్పుడు కోల్బీ తిప్పి రాసిన చీటీ. "పధ్నాలుగో పేరా. నేను ఈ మాట అనలేదు." దానికి గుమాస్తా ఇచ్చిన జవాబు నకలు వెనక పిన్ను చేసి ఉంది. ముసాయిదా పంపింది అచ్చుతప్పుల కోసమేనని, మళ్లీ వాదించడానికి వీల్లేదని.

తొమ్మిది రోజులు

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. తొమ్మిది రోజులు ఏమీ అనలేదు. రోజూ వెళ్లి కామాలు సరిచేశాను.

అమ్మ పట్టేసింది. "కూరలో ఉప్పు లేదే. నువ్వు తినేసి చెయ్యి కడిగేసుకున్నావు. ఏమైంది?"

చెప్పాను.

"ఎనభై నాలుగేళ్ల మనిషి," అంది అమ్మ. "ఈ వయసులో ఆయన్ని నువ్వు బోనెక్కిస్తావా? పెద్దాయనకి ఏమన్నా అయితే?"

"పుస్తకంలో అచ్చవుతుంది కదమ్మా."

"అవనీ. లీవ్ ఇట్. నిన్నెవరడిగారు?"

నాన్న సోఫాలోంచి అడిగాడు. "ఆ కోల్బీ ఉన్నాడా, పోయాడా?"

"తెలీదు."

"ఉంటే? అది చదివితే?"

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. "అసలే అది నోరు విప్పదు, విప్పేది ఇందుకా?"

"చదివి, ఇంకోసారి నేను అనలేదని రాస్తాడు," అన్నాడు నాన్న. "ఈసారి ఎవరికి రాస్తాడో మరి."

మర్నాడు రైల్లో వాక్యం తయారుచేసుకున్నాను. పరమటా స్టేషన్ నుంచి నడుస్తూ మూడుసార్లు పైకి అనుకున్నాను. లోపలికి వెళ్లేసరికి జడ్జిగారు టీ తాగుతున్నారు. "గుడ్ మార్నింగ్" అన్నాను. తర్వాత గొంతు లేవలేదు. ఉత్తుత్తి కోర్టులో లాగే. ఇక్కడ మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కూడా లేరు.

అచ్చుప్రతిలో ఆ పేజీ తీసి, పెన్సిల్‌తో మార్జిన్‌లో రాశాను. "ఆయన ఈ మాట అనలేదు." నోటుబుక్కు అదే పేజీ దగ్గర తెరిచి పక్కన పెట్టాను, చీటీ దాని మీద పెట్టాను. వంటగదిలోకి వెళ్లి కడిగిన కప్పులే మళ్లీ కడిగాను.

రాసేటప్పుడు తోచలేదు. కప్పులు కడుగుతుంటే తోచింది, అవి దాదాపు కోల్బీ రాసిన మాటలేనని.

చాలాసేపటికి పిలిచారు.

"మిస్ హారికా, ఇది అచ్చుతప్పా?"

"కాదండీ," అన్నాను. ఇంగ్లీషులో "నో, జడ్జ్" అన్నాను నిజానికి.

"నేను మిమ్మల్ని చూడమన్నది అచ్చుతప్పులే కదా."

"అవును."

"ఇది మీ దగ్గర ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"తొమ్మిది రోజులు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా దగ్గర ఇరవై రెండేళ్ల నుంచి ఉంది. మీరే త్వరగా చూశారు."

కూర్చోమన్నారు. ఇద్దరం మళ్లీ ఆ పేజీలన్నీ మొదటి నుంచి చదివాం. ఆయన చదవలేని చోట నేను పైకి చదివాను. గొంతు బాగానే వచ్చింది. రాసి ఉన్నది చదవడమే కదా.

"ఆ మాట లేకపోతే తీర్పు మారేదా?" అని అడిగాను. నాలుగేళ్లలో నేను నోటితో అడిగిన మొదటి ప్రశ్న అది.

"తెలియదు. మిగతా ఇద్దరూ నా వాక్యాన్ని నమ్మి సంతకం పెట్టారు. మిగతా కారణాలు చాలేవేమో. చాలేవని చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అందుకే చెప్పుకోను." నోటుబుక్కు మూసి అన్నారు. "తీర్పు మార్చే అధికారం ఇప్పుడు నాకు లేదు. పుస్తకం మార్చే అధికారం ఉంది. ఆయనకు ఉత్తరం రాసే అధికారం ఎప్పుడూ ఉంది."

నువ్వు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను. ఆయన మంచి జడ్జి. అయినా ఆ చీటీ విషయంలో చేసింది పొరపాటు కాదు, అంతకన్నా ఎక్కువ. నోటుబుక్కులో పేజీ దాటిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఒక మనిషి నేను అనలేదని రాస్తే, నోటుబుక్కు ఒకసారి తెరిచి చూడకుండా రూలు చూపించడం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే వచ్చే జబ్బు. ఇది ఆయన ముఖం మీదే అన్నాను, తర్వాతి వారం. "దాన్ని అలాగే రాయండి," అన్నారు. పుస్తకంలో ఇప్పుడు దాదాపు అలాగే ఉంది.

ఉత్తరం

ఆయన కోర్టుకు ఒక ఉత్తరం పంపారు, నోటుబుక్కు పేజీ నకలు జతచేసి. కోల్బీ ఉత్తరం మాత్రం అయిదుసార్లు రాశారు. అయిదోది నా చేతికిచ్చి, "ఇందులో ఏం తీసేయాలి?" అని అడిగారు.

"రెండో పేరా," అన్నాను. "అందులో మీరెంత బాధపడుతున్నారో ఉంది. అది చదవడం ఆయన పని కాదు."

కొట్టేశారు. మిగిలింది చిన్న ఉత్తరం. మీరు ఆ మాట అనలేదు, నేను అనుకున్నది మీ మాటగా రాశాను, మీరు చెప్పినా వినలేదు, తప్పు నాది. నేనే టైపు చేశాను. పాత గుమాస్తా వెతికి చిరునామా సంపాదించాడు. కోల్బీ బతికే ఉన్నాడు.

అచ్చువాళ్లకు ఆలస్యమవుతుందని చెప్పాం. సణిగారు. నెల దాటింది, జవాబు రాలేదు. జడ్జిగారు పోస్టు డబ్బా దగ్గరికి రోజుకు రెండుసార్లు వెళ్లేవారు. హెలెన్ నన్ను పక్కకు పిలిచి, "నాన్న సరిగా తినడం లేదు," అన్నారు. నేను మనవాళ్ల దుకాణాలుండే హారిస్ పార్క్‌లో మైసూర్‌పాక్ కొనుక్కెళ్లాను, ఆయనకు ఇష్టమని. డబ్బా అలాగే ఉండిపోయింది. అమ్మ చెప్పిందే జరుగుతుందేమోనని నాకు భయమేసింది. ఆ వారాల డైరీలో ప్రతి రోజూ ఒకటే మాట ఉంది, "నేనే చేశాను."

ఏడో వారంలో వచ్చింది. నీలం కవరు. జడ్జిగారు చించలేకపోయారు. నాకిచ్చి, "చదవండి," అన్నారు.

చేతిరాత పెద్దగా, గుండ్రంగా ఉంది. పైకి చదివాను.

"అయ్యా, మీ ఉత్తరం అందింది. నేను ఆ మాట అనలేదని నా భార్యకు ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ఆమె ఆ రోజు కోర్టుకు రాలేదు. జడ్జిల విగ్గులు చూసి నేను బెదిరిపోయి ఒప్పేసుకున్నానని ఆమె నమ్మకం. ఏ గొడవ వచ్చినా చివరికి అక్కడే తేలేది. మీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. తర్వాత తీసుకెళ్లి ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చినవాళ్లందరికీ తనే చూపిస్తోంది. జవాబు ఆలస్యమైంది, ఫ్రిజ్ మీద నుంచి తీయనివ్వకపోవడం వల్ల వెనకవైపున్న చిరునామా చూసుకోలేకపోయాను. ఇంటి గురించి బెంగపడకండి. గోడలన్నీ చెమ్మ. ఇప్పుడున్న చోటు పొడిగా ఉంది. ఆ మాట ఒక్కటే నన్ను తొలిచేది. ఇప్పుడు లేదు."

జడ్జిగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కిందికి జారాయి, ఎన్నాళ్లనుంచో మోస్తున్న కోటు ఎవరో వెనక నుంచి తీసినట్టు.

"అంతేనా?" అన్నారు.

"కింద ఇంకొకటి ఉంది," అన్నాను. చదవడానికి సిగ్గేసింది. చదివాను.

"తా.క. మీ ఉత్తరం మూడో వరుసలో ఒక మాట రెండుసార్లు పడింది. అచ్చుతప్పులు చెప్పవచ్చని అప్పట్లో మీ ఆఫీసువాళ్లే రాశారు కాబట్టి చెబుతున్నాను."

"అది నాది," అన్నాను.

జడ్జిగారు నవ్వడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. నేను వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. తాగి, పెన్సిల్ అడిగి తీసుకున్నారు. ఫైల్లోంచి మా దగ్గరున్న నకలు తీయించి, మూడో వరుసలో ఎక్కువైన ఆ మాట కొట్టేసి, మార్జిన్‌లో చీమల అక్షరాలతో రాశారు. "మిస్టర్ కోల్బీ చెప్పింది నిజమే." కింద సంతకం పెట్టారు.

ఆ తర్వాత మైసూర్‌పాక్ డబ్బా ఎక్కడుందని అడిగారు.